సరంగు లెక్క

చైత్రం వచ్చిందని నాకు లాంచీ అడుగు చెబుతుంది,
ఎక్కడ గీసుకుంటుందో దాన్నిబట్టి.
నీళ్లు తీశాక మునిగిన చింతమోళ్లు పైకొస్తాయి,
చిత్రకొండ రేవులో ఇంకో పది మెట్లు దిగాలి,
డీజిల్ డబ్బా మోసేవాడు ఇంకో పది తిట్లు తిట్టాలి.
అప్పుడు డుమ్రిపుట్టులో ఇటుకల పండగ.

డుమ్రిపుట్టు ఒకప్పుడు కొండ.
కాళ్లూ నడుమూ రిజర్వాయరు తీసుకుంటే
మిగిలిన తల.
ఆ తలమీద పందొమ్మిది గడపలు,
ఒక బడి, దానికి తాళం,
తాళంచెవి ఉన్న మాస్టారు ఇవతలి గట్టున.

పండక్కి మగాళ్లు వేటకి పోవాలి.
విల్లులు దించి, పసుపు రాసి, కుక్కల్ని పిలిచి
లంక చుట్టూ తిరిగితే పొద్దెక్కకముందే
బయల్దేరిన చోటికే వచ్చేస్తారు.
దుప్పులు ఏనాడో ఈదుకుంటూ పోయాయి.
నిరుడొక ఉడుము దొరికింది, దాని కథ ఇంకా చెప్పుకుంటున్నారు.
వట్టిచేతుల వాళ్లమీద ఆడవాళ్లు పేడనీళ్లు చల్లుతారు,
ఆ సరదాని మాత్రం డ్యాము ముంచలేకపోయింది.
రేవుకి అడ్డంగా వెదురు కట్టి నా దగ్గరా వసూలు చేస్తారు.
"నీళ్లకి అడ్డమేంటమ్మా?" అంటే
"నీళ్లు మాకు అడ్డం రాలేదా?" అంటుంది గుర్బారి.
పది రూపాయలిచ్చాను. టిక్కెట్టు ఇవ్వలేదు.

అసలు సంగతి రాయి.
మోకాలెత్తు నల్లరాయి, శంకుదేవుడు,
పాత ఊరితోపాటు అడుగున ఉండిపోయాడు.
ఎత్తబోతే బరువెక్కాడని కొందరు,
ఎత్తుకెళ్లడానికి లారీ రాలేదని కొందరు.
ఏటా నీళ్లు తగ్గగానే బురదలోంచి తల ఎత్తుతాడు.
ఇంటింటి విత్తనం, చోళ్లు, సామలు, కొర్రలు, కందులు,
ఆయన ముందు ఒకే బుట్టలో కలిపి
పిడికెడు పిడికెడు పంచుకుపోతారు.
ఎవరిది ఎవరి పొలంలో మొలిచిందో
అడక్కూడదు.

ఈ ఏడు లాంచీ అడుగు ఎక్కడా గీసుకోలేదు.
గేట్లు తెరవలేదు. ఎందుకో మాకెవరు చెబుతారు?
దిసారి వేళ్లు లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి
పండగ జరగదన్నాడు, నీళ్లే జరగాలన్నాడు.
నీళ్లు వినలేదు.

గుర్బారి బుట్ట చంకనెత్తుకుని లాంచీ ఎక్కింది.
వెనకాలే ఊరు ఊరంతా.
ముప్పై మందికే అనుమతి, ముప్పై దగ్గర లెక్కపెట్టడం మానేశాను.
"ఎడమకి. ఇంకొంచెం. ఆ బోడిగుట్ట ముక్కూ ఈ తాడిచెట్టూ
ఒక గీతలోకి రానీ."
డెబ్భై ఏళ్ల మనిషి, చేప దొరికే చోటు చెప్పినట్టు
దేవుడి అడ్రసు చెప్పింది.
"ఆపు. మా వాకిలి ఇదే."

ఇంజను ఆపాను.
పదహారేళ్లుగా ఈ నీళ్లమీద తిరుగుతున్నాను,
ఇవి ఇంత పెద్దవని అప్పుడే తెలిసింది.
డోలుమీద ఎవరో ఒక్క దెబ్బ కొట్టి ఆపేశారు.
విత్తనాలన్నీ గుడ్డలో మూటగట్టి, బరువుకి రాయి చుట్టి
తాడుతో దించింది.
నా లంగరు తాడే, అడగకుండా తీసింది.
ఎనిమిది బారలు, తొమ్మిది, పది.
తాడు సడలింది.
లోపల ఎవరో అందుకున్నట్టు తల పంకించింది.
బురదే అయుంటుంది. నేనేం అనలేదు.

పైకి లాగితే నీళ్లోడే మూట,
తడి విత్తనం, తడి దోసిళ్లు.
నాకూ ఒక పిడికెడు పోసింది.
"నాకు పొలం లేదమ్మా," అన్నాను.
"ఇన్ని నీళ్లున్నాయిగా," అంది.
నవ్విందో లేదో చెప్పలేను.

రిజిస్టరులో రాశాను: ప్రయాణికులు ముప్పై. సరుకు లేదు.
ఆలస్యం రెండు గంటలు. కారణం,
చాలాసేపు ఆలోచించి,
ఇంజను.

నాలుగో రోజు డీజిల్ మడ్డి తుడవబోతే
పలకల సందులో, జనపనార పోగుల్లో
తెల్లటి కాడలు, సూదిమొనంత.
చోళ్లో సామలో తెలీదు, నేను సముద్రపొడ్డు మనిషిని.
గుడ్డ పిండి
అవతలి వైపు తుడిచాను.